రేపు రాత్రి అక్కవాళ్లు వెళ్తున్నారు, అమ్మను శంషాబాద్ దాకా తీసుకెళ్లాలా వద్దా?

పాలమూరు_చెల్లెలు · గురువారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. రేపు రాత్రి అక్కవాళ్లు తిరిగి అమెరికా వెళ్తున్నారు. ఫ్లయిట్ తెల్లవారుజామున నాలుగింటికి, అంటే అర్ధరాత్రి ఒంటిగంటకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. మాది మహబూబ్‌నగర్, న్యూటౌన్ దగ్గర. రాత్రి పదింటికి బయల్దేరాలని అనుకుంటున్నాం. ప్రయాణం గురించి బెంగ లేదు, నా టెన్షన్ అంతా అమ్మ గురించే.

అమ్మకు 67 ఏళ్లు. బీపీ ఉంది, మోకాళ్లు రెండూ అరిగాయి, అరగంట కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. రెండేళ్ల కిందట అక్క వచ్చి పోయినప్పుడు రాత్రి ప్రయాణం ఎందుకులే అని అమ్మను ఇంట్లోనే ఉంచాం. నేనే చెప్పాను, నువ్వు రాకమ్మా, మేం దింపి వస్తాం అని. మేం తిరిగి వచ్చేసరికి తెల్లారి ఆరయింది. అమ్మ తలుపు తీసిపెట్టుకుని, గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. రాత్రంతా పడుకోలేదు. మమ్మల్ని ఏమీ అనలేదు, లేచి చాయ్ పెట్టింది. నెల తర్వాత పక్కింటావిడతో మాట్లాడుతుంటే నా చెవిన పడింది, "నా బిడ్డను నేను గడపకాడనే ఇడిసిపెట్టిన" అని. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఈసారి వారం రోజుల నుంచి అమ్మది ఒకటే మాట, "నేను గూడ వస్త". బావ వద్దంటున్నాడు, అక్కడ గంటలు గంటలు నిలబడాలి, ఈవిడ కాళ్లు ఏమవుతాయి అని. అక్క అటూ ఇటూ చెప్పడం లేదు, కానీ నాతో ఒంటరిగా ఉన్నప్పుడు అంది, అమ్మ గేటు దగ్గర ఏడిస్తే నేను లోపలికి అడుగు వేయలేనే అని. ఇంట్లో మగదిక్కు అంటే బావే, నాన్న లేరు. బావ కూడా లోపలికి వెళ్లిపోయాక తిరుగు ప్రయాణంలో అమ్మతో ఉండేది నేనొక్కదాన్నే, డ్రైవర్ కాకుండా.

మీ ఇళ్లలో ఎలా చేశారు? పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు, తీసుకెళ్లనివాళ్లు ఇద్దరూ చెప్పండి. అక్కడ కూర్చోవడానికి, బాత్రూంకు ఎలా ఉంటుందో కూడా.

హైవే44 · గురువారం రాత్రి 9:48

చెల్లెమ్మా, నేను షాద్‌నగర్ నుంచి క్యాబ్ నడుపుతా, నెలలో ఎంత లేదన్నా పదిసార్లు ఎయిర్‌పోర్ట్ కిరాయి ఉంటుంది. నీ ప్రశ్నకు జవాబు ఇచ్చేది నేను కాదు, అది మీ ఇంటి మాట. దారి మాత్రం చెప్తా.

పదింటికి బయల్దేరితే సరిపోతుంది, కానీ పదింటికి అంటే బండి కదలడం పదింటికి. మీ దగ్గర ఎనిమిది సూట్‌కేసులు ఉంటే ఎక్కించడానికే అరగంట పడుతుంది, అందరూ అక్కడే మోసపోతారు. జడ్చర్ల దాటి హైవే ఎక్కాక రాత్రిపూట లారీలు ఎక్కువ, డ్రైవర్‌ను తొందరపెట్టకండి. రాయికల్ టోల్ దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బులు ఉన్నాయో లేదో పొద్దున్నే చూసుకోండి.

ఎయిర్‌పోర్టులో పైన డిపార్చర్స్ దగ్గర బండి ఎక్కువసేపు ఆపనివ్వరు. పెద్దావిడ ఉంది కాబట్టి ముందు మనుషులను, సామానును అక్కడ దింపండి, తర్వాత డ్రైవర్ ఒక్కడే పార్కింగ్‌కు పోతాడు. ఆవిడను పార్కింగ్ నుంచి నడిపించకండి. లోపలికి టికెట్, పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లనే పంపుతారు, మీరు బయటే ఉండాలి. వీల్‌చైర్ సాయం కూడా ప్రయాణం చేసేవాళ్లకే. అందుకే ఒక మడత స్టూలు డిక్కీలో వేసుకోండి. మా అమ్మ చేపలు అమ్మేటప్పుడు కూర్చునే స్టూలు ఒకటి నా బండిలో ఎప్పుడూ ఉంటుంది, ఎంతమంది ముసలివాళ్లు దాని మీద కూర్చుని బిడ్డలను పంపారో నాకే లెక్క లేదు.

వనపర్తి టీచరమ్మ · గురువారం రాత్రి 10:15

నేను వద్దనే చెప్తాను, కోపం తెచ్చుకోకమ్మా.

మా అబ్బాయి వెళ్లేటప్పుడు మా అత్తగారిని తీసుకెళ్లాం. 74 ఏళ్లు ఆమెకు అప్పుడు. వనపర్తి నుంచి శంషాబాద్ అంటే ఆ వయసుకు చిన్న దూరం కాదు. అక్కడికి చేరాక వాడు ట్రాలీ తోసుకుంటూ లోపలికి పోయాడు, అద్దాల వెనక ఒక నిమిషం కనపడ్డాడు, అంతే. ఆమెకు ఆ జనంలో వాడు ఏ వైపు పోయాడో కూడా తెలియలేదు. "ఏడ్రా, ఏడున్నడు" అని అడుగుతూనే ఉంది. తిరుగు దారిలో జడ్చర్ల దగ్గర వాంతి చేసుకుంది, రెండు రోజులు సెలైన్ పెట్టించాల్సి వచ్చింది.

తర్వాత మా అమ్మాయి వెళ్లేటప్పుడు పద్ధతి మార్చాం. సాయంత్రమే ఇంట్లో అందరం కలిసి తిన్నాం, దేవుడి ముందు దీపం పెట్టాం, అమ్మమ్మ, నానమ్మ ఇద్దరూ బొట్టు పెట్టి, చేతిలో డబ్బులు పెట్టి పంపారు. ఇంటి దగ్గర వాళ్లు కళ్ల నిండా చూసుకున్నారు, ఎవరూ తొందర పెట్టలేదు, వెనక నుంచి హారన్ కొట్టేవాడు లేడు. ఎయిర్‌పోర్ట్ దగ్గర దొరికేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం పెద్దవాళ్లను రాత్రంతా కష్టపెట్టాలా అనేది ఆలోచించుకో.

సాగర్‌రోడ్ · శుక్రవారం ఉదయం 6:20

టీచరమ్మ చెప్పింది తప్పు అనను, కానీ నా అనుభవం వేరు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయన పదకొండేళ్లుగా సౌదీలో పని చేస్తున్నాడు, రెండేళ్లకోసారి రెండు నెలలు వస్తాడు. మొదటిసారి పోయినప్పుడు ఎంత తిరిగామో చెప్తే మీకు నవ్వొస్తుంది, కానీ మాకు అప్పుడు ఏమీ తెలియదు. ఆయన పది పాస్ కాలేదు కాబట్టి పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ఉంటుంది, సౌదీలాంటి దేశాలకు పనికి పోవాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ కాగితం లేకుండానే ఫ్లయిట్ ఎక్కిస్తా అని ఒక ఏజెంట్ చెప్పాడు. మా చిన్నమామ చదువుకున్నవాడు కాబట్టి పట్టుబట్టి అన్నీ చేయించాడు, బీమా కూడా. ప్రవాసీ భారతీయ బీమా అని ఉంటుంది, రెండేళ్లకు 275 రూపాయలు, ఏమైనా అయితే పది లక్షలు. గల్ఫ్‌కు పోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి అది లేకుండా పోకండి. ఇంకో మాట, మసాలా డబ్బాలో గసగసాలు పెట్టకండి, గల్ఫ్‌లో అది మత్తుమందు కింద కేసు అవుతుంది. మా అత్త తెలియక పెట్టింది, ముందు రోజు రాత్రి చూసి తీసేశాం.

ఇక అసలు విషయం. మా అత్త ప్రతిసారీ వస్తుంది. మాల్ మీదుగా ఇబ్రహీంపట్నం, అక్కడ నుంచి రింగు రోడ్డు ఎక్కి పోతాం. ఆమెకు నడుము నొప్పి, జీపులో కుదుపులకు కిందామీదా అవుతుంది, అయినా వస్తుంది. ఒకసారి నేను అడిగాను, ఎందుకత్తా ఇంత కష్టం అని. "వాడు యాడికి పోతుండో నాకు తెల్వదు, ఆ దేశం నేను సూడలే. కనీసం యాడికెంచి పోతుండో ఆ జాగన్న సూడాలె గద" అంది. ఆమెకు శంషాబాద్ గేటు తెలుసు. కొడుకు ఫోన్ చేసినప్పుడు ఆమె మనసులో ఆ గేటు నుంచి లెక్కపెట్టుకుంటుంది. మీ అమ్మ అడుగుతుంది అంటే ఆమెకు అది కావాలి చెల్లీ. తీసుకెళ్లు.

పాలమూరు_చెల్లెలు · శుక్రవారం ఉదయం 7:05

అక్కా, మీ అత్త మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. టీచరమ్మ చెప్పిన వాంతుల సంగతి కూడా భయపెడుతోంది. ఇప్పుడు బయటకు వెళ్తున్నాం, ఈరోజు పనులు చాలా ఉన్నాయి: టైలర్, కళ్లద్దాలు, బ్యాంకు, మందులు, సూట్‌కేసుల తూకం. మధ్యాహ్నం చూస్తాను.

కల్వకుర్తి_అబ్బాయి · శుక్రవారం ఉదయం 8:30

నేను ఇక్కడ టెక్సాస్ నుంచి రాస్తున్నా. ఇక్కడ గురువారం రాత్రి పది అయింది.

లోపలికి వెళ్లేవాడి వైపు నుంచి ఒక మాట చెప్పాలని ఉంది. గేటు దగ్గర జవాను టికెట్ చూసి పంపాక, బ్యాగులు వేయడానికి లైన్లో నిలబడతాం కదా, అప్పుడు అందరం వెనక్కి తిరిగి చూస్తాం. అద్దంలో మన మొహమే కనపడుతుంది, బయట చీకటి కాబట్టి. అయినా చూస్తాం. ఇమిగ్రేషన్ దాటేదాకా ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాం, బయటివాళ్లు ఇంకా పోలేదని తెలిస్తే ఒక ధైర్యం.

2021లో నేను వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు మా నాయన ఎయిర్‌పోర్టుకు వస్తా అన్నాడు. కరోనా భయం ఇంకా ఉంది, ఆయనకు షుగర్, నేను ఒప్పుకోలేదు. కల్వకుర్తి నుంచి శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దాకా గంటన్నర కూడా పట్టదు, అయినా వద్దన్నాను. ఆయన సరే అని, మా వీధి మలుపు దాకా కారు పక్కనే నడిచి వచ్చాడు. మలుపు దగ్గర ఆగి కారు పైకప్పు మీద చేత్తో రెండుసార్లు తట్టాడు, బస్సు కండక్టర్లు రైట్ రైట్ అని తడతారే, అలా. మా నాయన ముప్పై ఏళ్లు ఆర్టీసీ కండక్టర్.

ఆయన మరుసటి ఏడాది పోయారు. నేను టికెట్ దొరికి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

నేను చేసింది తప్పని ఎవరూ అనలేదు, ఆ రోజుల్లో అదే మంచిదని డాక్టర్లు కూడా చెప్పేవాళ్లు. కానీ ఆయన అడిగాడు, నేను వద్దన్నాను, అది నా దగ్గరే ఉండిపోయింది. మీ అమ్మ కాళ్లకు స్టూలు దొరుకుతుంది. తీసుకెళ్లండి.

పాత బస్టాండ్ · శుక్రవారం ఉదయం 10:40

నాకు 71 ఏళ్లు. మాది మక్తల్ వైపు, ఇప్పుడు పాలమూరులో కొడుకు దగ్గర ఉంటున్న. మనవడు ఫోన్లో పెట్టి చూపిస్తే చదివిన, మాట చెప్పి వాడితోనే టైపు చేయిస్తున్న.

ఎయిర్‌పోర్ట్ కథ ఇప్పటిది. మా కాలంలో పంపడమంటే బొంబాయి బస్సు. వానలు పడకపోతే, పడ్డా పంట చేతికి రాకపోతే, దసరా దాటగానే ఊళ్లకు ఊళ్లు లేచేవి. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, మొగుడు పెండ్లాలు బియ్యం మూట, సట్టి, బొంత కట్టుకుని బస్సెక్కేవాళ్లు. పాలు తాగే పిల్లలను వెంట తీసుకుపోయేవాళ్లు, బడికి పోయే పిల్లలను ముసలోళ్ల దగ్గర వదిలేవాళ్లు. మా అవ్వ నన్నట్లనే సాకింది. బస్టాండ్‌కు పిల్లలను తీసుకుపోవద్దని పెద్దోళ్లు అనేవాళ్లు, ఏడుస్తరని. మా అవ్వ మాత్రం నన్ను సంకన ఎత్తుకుని తీసుకపోయింది. "సూడనీ, అమ్మ యాడికి పోయిందో పోరనికి తెల్వాలె, లేకపోతె ఇంట్ల మూలమూల ఎతుకుతడు" అన్నది. పెద్దగ ఏడ్చిన. కానీ ఇంటికొచ్చినంక ఎతకలే. బస్సుల పోయింది, బస్సుల వస్తది అని తెలిసింది.

ఇప్పుడు జూరాల నీళ్లు, భీమా నీళ్లు వచ్చి మా దిక్కు వలసలు తగ్గినయి. ఇప్పుడు పోయేది చదువుకున్న పిల్లలు, విమానంలో. పంపే కడుపు మాత్రం అదే. తల్లి వస్తానంటే ఆపకు బిడ్డా.

వనపర్తి టీచరమ్మ · శుక్రవారం మధ్యాహ్నం 1:15

పెద్దాయన చెప్పింది చదివాక నా మాట కొంచెం దిద్దుకుంటున్నాను. మా అత్తగారు వస్తానని అడగలేదు, మేమే తీసుకెళ్లాం. తేడా అక్కడే ఉందేమో. తీసుకెళ్తే రాత్రి భోజనం తేలిగ్గా పెట్టు, బీపీ మాత్ర టైముకు వేయించు, వాంతి మాత్ర అరగంట ముందు డాక్టర్‌ను అడిగి వేయించు. స్వెటర్ మర్చిపోకు.

మిర్యాలగూడ మిల్లు · శుక్రవారం రాత్రి 9:52

ఇప్పుడే చూశాను ఈ చర్చ. చెల్లెమ్మా, మీ అక్కకు ఒడిబియ్యం పోశారా? పోసి ఉంటే అందులోని కుడుకలు సూట్‌కేసులో పెట్టకండి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ కాబట్టి మండే వస్తువు కింద లెక్క, స్కానింగ్‌లో ఆపుతారు. మా వదినకు అదే జరిగింది, అక్కడ నేల మీద కూర్చుని సూట్‌కేసు మొత్తం విప్పాల్సి వచ్చింది. పవర్ బ్యాంకులు కూడా చేతి సంచిలోనే.

కల్వకుర్తి_అబ్బాయి · శుక్రవారం రాత్రి 10:05

అవును, అలాగే అమెరికా దిగేటప్పుడు బియ్యం రానివ్వరు, ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు భయంతో మన దేశం బియ్యం ప్రయాణికుల సామానులో నిషేధం. పచ్చి కరివేపాకు కూడా వద్దు. పచ్చళ్లు, పొడులు ఉంటే ఉన్నాయని అధికారులకు ముందే చెప్తే మామూలుగా ఏమీ అనరు, దాచిపెడితేనే ఇబ్బంది. వాళ్లు బయల్దేరిపోయి ఉంటారేమో ఈపాటికి.

పాలమూరు_చెల్లెలు · ఆదివారం ఉదయం 11:30

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నందుకు క్షమించండి. నిన్నంతా పడుకునే ఉన్నాం. అమ్మను తీసుకెళ్లాను. మొత్తం రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి అక్క, నేను స్కూటీ మీద బయటపడ్డాం. క్లాక్ టవర్ దగ్గర టైలర్ ఐదు జాకెట్లలో మూడే కుట్టాడు. మిగతా రెండు సాయంత్రం ఇస్తా అన్నాడు, ఆ రెండూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. అక్క పెద్దకొడుకు కళ్లద్దాలు పది నిమిషాల్లో అయిపోయాయి. బ్యాంకులో మాత్రం రెండున్నర గంటలు. అక్క ఖాతాకు కేవైసీ మళ్లీ చేయాలట, సంతకం కోసం మనిషి ఉండాలి, ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్, జిరాక్స్ మళ్లీ, భోజనం టైం. ఈ రాత్రికే వెళ్లిపోతోంది సార్ అని నేను చెప్తుంటే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. కోపం అక్కడ చూపించి ఏం లాభం అంది. ఆమెకు ఊళ్లో మిగిలిన చివరి పగలు ఆ ప్లాస్టిక్ కుర్చీలో అయిపోయింది, అది నాకు ఇంకా మంటగానే ఉంది.

మందుల షాపులో అక్క తనకేమీ కొనలేదు. అమ్మకు మూడు నెలల మాత్రలు కొంది. ఇంటికొచ్చాక మంచం మీద అన్నీ పరిచి, ఒక్కో షీటు వెనక మార్కర్‌తో "పొద్దున", "రాత్రి" అని రాసింది. అమ్మకు చిన్న అక్షరాలు కనపడవని షీటంతా నిండేలా పెద్దగా రాసింది. పొద్దున అనే వాటికి పక్కన సూర్యుడి బొమ్మ కూడా వేసింది. ఇరవై నాలుగు షీట్లు. అక్క చిన్నకూతురు పక్కన కూర్చుని నేనూ వేస్తా అని కొన్ని సూర్యుళ్లు తనే వేసింది, వాటికి కళ్లూ ముక్కూ ఉన్నాయి.

సూట్‌కేసులు మా వీధి చివర బియ్యం దుకాణంలో కాంటా మీద పెట్టి తూచాం. ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. ఆరు బాగానే వచ్చాయి, ఒకటి 24 కిలోల 600, ఇంకొకటి 25. దుకాణం ముందరే విప్పాం. అమ్మ స్వయంగా విసురురాయి మీద కాకపోయినా గిర్నీలో దగ్గరుండి పట్టించిన జొన్నపిండి నాలుగు కిలోలు ఉంది, అది తీస్తే సరిపోతుంది. బావ తీయబోయి అమ్మ వైపు చూశాడు. అమ్మే వచ్చి ఆ పిండి మూట తీసి ఒళ్లో పెట్టుకుంది. "పచ్చడి ఉండనియ్యి, రొట్టె ఆడ గూడ దొరుకుతదట గద" అంది. ఇలాంటిది దొరకదని మా అందరికీ తెలుసు.

ఒడిబియ్యం ఐదు రోజుల ముందే పోశాం. ఆ బియ్యం అక్క అత్తగారింట్లో వండి అందరికీ పెట్టారు, కాబట్టి బియ్యం గొడవ లేదు. కుడుకలు మాత్రం, పసుపు రాసినవి ఐదు, అక్క నెమ్మదిగా చీరల మధ్య పెట్టుకుంది, నాకు కూడా చెప్పలేదు. మిర్యాలగూడ అన్నా, మీరు రాసింది చూసేసరికి మేం అప్పటికే అక్కడ ఉన్నాం.

పది దాటి పావుకు కదిలాం, హైవే అన్న చెప్పినట్టే సామాను దగ్గర ఆలస్యం. అమ్మ మధ్య సీట్లో కిటికీ పక్కన, చిన్నది ఆమె ఒళ్లో నిద్రపోయింది. బాలానగర్ దాటుతుంటే అమ్మ బయటకు చూపించి, "గీడ సీతాఫలాలు గుట్టలు గుట్టలు పోసి అమ్ముతరు, మీరు ఒక్కసారన్న ఆ కాలంల రారు" అంది. నిజమే, సీతాఫలంలో బాలానగర్ రకం అని దేశమంతా పెంచుతారు, ఈ ఊరి పేరే ఆ పండుకు. అక్క పిల్లలు ఇంతవరకు అది చెట్టు మీద చూడలేదు, వాళ్ల సెలవులు ఎప్పుడూ ఎండాకాలం నుంచి శ్రావణం లోపే.

ఒంటిగంట కాకముందే చేరాం. స్టూలు వేసి అమ్మను గోడ పక్కన కూర్చోబెట్టాను. చుట్టూ ఎంతమందో. ఉమ్రాకు వెళ్లే ముసలి దంపతులు, మెడలో దండ వేసుకున్న ఒక కుర్రాడు, వాడి చుట్టూ పదిహేను మంది. వాడి వాళ్లమ్మ మాత్రం దూరంగా నిలబడి వాడి బ్యాగు జిప్పు సరిచేస్తూ ఉంది, అయిపోయిన జిప్పునే మళ్లీ మళ్లీ.

బావ అమ్మ కాళ్లకు మొక్కాడు. పిల్లల చేతుల్లో అమ్మ వంద నోట్లు పెట్టింది, చిన్నది నిద్రలోనే మూసి పట్టుకుంది. అక్క కిందకు వంగి "పోయొస్త అమ్మా" అంది, అమ్మ "పైలం" అంది. ఇద్దరికీ గొంతు రాలేదు. అక్క ఏడుస్తూనే లోపలికి పోయింది. నాకు అప్పుడు అనిపించింది, టీచరమ్మ చెప్పిందే నిజం, రెండు నిమిషాల కోసం ఈమెను ఇక్కడిదాకా తెచ్చాను అని. అమ్మ స్టూలు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పోదామా అని అడిగితే, "వాళ్లు పెట్టెలు ఏసేదాక ఉందాం" అంది.

నలభై నిమిషాలకు ఫోన్ వచ్చింది. కుడుకలు ఆపారట. పారేయమంటే అక్క ఒప్పుకోలేదు, గేటు దగ్గరికి తెస్తున్నా రండి అంది. నేను పోతానంటే అమ్మ తనే లేచింది, నా చెయ్యి కూడా పట్టుకోకుండా. గేటు దగ్గర తాడు కట్టిన చోట అక్క నిలబడి ఉంది, ప్లాస్టిక్ కవర్లో ఐదు కుడుకలు. జవాను ఒకసారి మమ్మల్ని చూసి పక్కకు జరిగాడు. తాడు మీద నుంచి కవరు ఇటు ఇచ్చింది, అమ్మ కవరుతో పాటు చెయ్యి కూడా పట్టుకుంది. ఈసారి ఇద్దరూ ఏడవలేదు. అక్క, "మాత్రలు సూర్యుడివి పొద్దున" అంది. "తెలుసు తియ్యి" అంది అమ్మ. పెట్టెలన్నీ పోయినయా, పిల్లలు ఏమన్నా తిన్నరా, నువ్వు చాయ్ తాగినవా. మామూలు మాటలు, ఇంట్లో వంటింటి గడప దగ్గర నిలబడి మాట్లాడుకున్నట్టు. మూడు నిమిషాలో నాలుగో. తర్వాత అమ్మే చెయ్యి వదిలి, "ఇగ లోపలికి పో, లైను పెద్దగున్నది, ఆలస్యమైతది" అంది. అక్క పోయింది. ఒక్కసారి తిరిగి చూసింది, అమ్మ చెయ్యి ఊపింది.

తిరుగు దారిలో షాద్‌నగర్ దగ్గర చాయ్ తాగాం. అక్కడి నుంచి ఇంటిదాకా అమ్మ పడుకుంది, నా భుజం మీద. వాంతి కాలేదు. కానీ పాదాలు రెండూ వాచాయి, నిన్న సాయంత్రానికి కొంచెం తగ్గింది, ఇవాళ డాక్టర్‌కు చూపిస్తాను. అంటే కష్టం లేదని చెప్పను, ఉంది.

సాగర్‌రోడ్ · ఆదివారం మధ్యాహ్నం 12:10

చదువుతూ రెండుసార్లు ఆగాను. కాళ్ల కింద దిండు పెట్టి పడుకోబెట్టు చెల్లీ, మా అత్తకు అట్లనే చేస్తాం.

హైవే44 · ఆదివారం మధ్యాహ్నం 2:35

ఆ జవానుకు దండం. రాత్రిపూట అక్కడ డ్యూటీ చేసేవాళ్లు ఇలాంటివి రోజూ చూస్తారు, కొంతమంది ఇలా పక్కకు జరుగుతారు. అక్కవాళ్లు చేరారా?

కల్వకుర్తి_అబ్బాయి · ఆదివారం రాత్రి 8:20

అమ్మే పొమ్మంది కదా. మీ అక్కకు అది చాలా రోజులు పనికొస్తుంది.

పాలమూరు_చెల్లెలు · మంగళవారం సాయంత్రం 6:45

చేరారు, ఆదివారమే ఫోన్ వచ్చింది. పిల్లలకు ఇంకా పగలూ రాత్రీ సరిపడలేదు. చిన్నది వంద నోటు తన పెన్సిల్ డబ్బాలో పెట్టుకుందట, ఖర్చు పెట్టనంటోంది.

అమ్మ పాదాల వాపు తగ్గింది, డాక్టర్ ఏమీ లేదన్నారు, ఎక్కువసేపు కాళ్లు వేలాడేసి కూర్చున్నందుకే అన్నారు. నిన్న అమ్మ ఆ ఐదు కుడుకలూ తురిమి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి కొబ్బరి కారం చేసింది. జొన్నపిండి కూడా ఉంది కదా, రొట్టెలు చేసి నాకు పెట్టింది. మిగిలిన కారం సీసాలో వేసి మూత పెట్టి పక్కన ఉంచింది. పెద్దమ్మ కొడుకు డిసెంబర్‌లో అక్కవాళ్ల ఊరికే వెళ్తున్నాడు, కుడుకలా కాకుండా ఇట్ల పొడి చేస్తే పోనిస్తరా అని పొద్దున్నుంచి నన్ను అడుగుతోంది. మిర్యాలగూడ అన్నా, మీ వదినవాళ్లు ఎప్పుడైనా తీసుకెళ్లారా? తెలిస్తే చెప్పండి, అమ్మ పక్కనే కూర్చుని ఉంది.